పిలుపు లేని వాకిలి: ఎస్తేరు చుట్ట, పూరీము ఆచార చరిత్ర

యూదుల పంచాంగంలో నీసాను మొదలుగా లెక్కిస్తే పన్నెండో మాసమైన అదారు పద్నాలుగో రోజున, అంటే సాధారణంగా ఫిబ్రవరి చివరికీ మార్చి చివరికీ మధ్య పౌర్ణమి దగ్గరలో, దాదాపు ప్రపంచమంతటా ఉన్న యూదు ప్రార్థనామందిరాల్లో ఒక తోలు చుట్టను విప్పి, మొదటి మాట నుంచి చివరి మాట వరకు బిగ్గరగా చదువుతారు. హెబ్రూ భాషలో 'మెగిల్లా' అంటే చుట్ట. యూదుల పవిత్ర గ్రంథంలో ఈ పేరుతో వ్యవహరించే చిన్న గ్రంథాలు అయిదు ఉన్నప్పటికీ, మరే విశేషణమూ లేకుండా మెగిల్లా అన్నప్పుడు అది ఎస్తేరు గ్రంథమే. ఈ పఠనం చుట్టూ అల్లుకున్న పండుగ పేరు పూరీము. 'పూరు' అంటే చీటి. ఒక జాతిని ఏ రోజున తుడిచిపెట్టాలో తేల్చుకోవడానికి శత్రువు వేయించిన చీటి పేరే ఆ జాతి పండుగకు పేరయింది. పైకి వేషాలతో, విందులతో, పిల్లల కేరింతలతో కనిపించే ఈ పండుగ లోపల ఒక స్త్రీ పడ్డ భయం, ఆమె తటపటాయింపు, ఆ పైన ఆమె చేసిన నిర్ణయం దాగి ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ ఆచార చరిత్రను నిదానంగా చూస్తే, ఆపదలో చిక్కిన యూదు సమాజాలు కథ చివరి విజయం కంటే నడుమనున్న ఆ నిర్ణయాన్నే గట్టిగా పట్టుకున్నాయని అర్థమవుతుంది.

కథ జరిగే చోటు పారసీక సామ్రాజ్యపు రాజధానుల్లో ఒకటైన షూషను. నేటి ఇరాన్ నైరుతి ప్రాంతంలో శిథిలాలుగా మిగిలిన సూసా నగరమే అది. హిందూదేశం మొదలు కూషు వరకు 127 సంస్థానాలను ఏలిన అహష్వేరోషు రాజు 180 రోజుల పాటు తన ఐశ్వర్యాన్ని ప్రదర్శించి, ఆ తరువాత ఏడు రోజుల విందు చేసి, చివరి నాడు ద్రాక్షారసపు మత్తులో రాణి వష్తిని అతిథుల ముందుకు రమ్మని కబురు పంపగా ఆమె రానంటుంది. ఆ ఒక్క మాటకు ఆమె కిరీటం పోతుంది. కొత్త రాణి కోసం రాజ్యమంతటి నుంచి కన్యలను పోగుచేస్తారు. అలా అంతఃపురానికి చేరిన వారిలో ఎస్తేరు ఒకతె. ఆమె వెళ్లిందనడం కంటే ఆమెను తీసుకుపోయారనడమే సరైనది, ఎందుకంటే మూలంలోని క్రియ కర్మణి ప్రయోగంలోనే ఉంది. తల్లీ తండ్రీ లేని ఈ పిల్లను పెంచినవాడు మొర్దెకై. ఎస్తేరు అతనికి పినతండ్రి కూతురు, అంటే అతడు ఆమెకు వరుసకు అన్న. ఆమె హెబ్రూ పేరు హదస్సా, అది సువాసన గల ఒక పచ్చని పొద పేరు. తన జాతి ఏదో, తనవారు ఎవరో అంతఃపురంలో బయటపెట్టవద్దని మొర్దెకై చెప్పాడు, ఆమె అలాగే చేసింది. రాణి అయిన తరువాత కూడా పెంపకంలో ఉన్నప్పటి మాదిరిగానే ఆమె అతని మాట జవదాటలేదని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. ఆ వాక్యం ఎంత ముఖ్యమో తరువాత గానీ తెలియదు.

రాజు తరువాత రాజంతటి వాడైన హామానుకు మొర్దెకై వంగి నమస్కరించడు. ఒక్క మనిషి మీద పుట్టిన కోపాన్ని హామాను ఆ మనిషి జాతి మొత్తం మీదికి మళ్లిస్తాడు. చీట్లు వేయించి అదారు పదమూడో రోజును ఖాయం చేసుకుంటాడు. రాజుకు వెండి ఆశ చూపి, పిల్లాపాపలతో సహా యూదులందరినీ ఒకే రోజున చంపాలన్న తాకీదు మీద రాజముద్ర వేయిస్తాడు. అంచె మనుషులు ఆ తాకీదును సంస్థానాలకు మోసుకుపోతుండగా రాజూ హామానూ కూర్చుని తాగారని, షూషను పట్టణం కలవరపడిందని గ్రంథకర్త పక్కపక్కనే చెప్పి ఊరుకుంటాడు.

ఈ గ్రంథానికి గుండెకాయ నాలుగో అధ్యాయం. మొర్దెకై బట్టలు చింపుకుని గోనె కట్టుకుని రాజద్వారం ఎదుట ఏడుస్తుంటాడు. గోనె కట్టినవారికి లోపలికి ప్రవేశం లేదు, రాణికి బయటికి వచ్చే స్వేచ్ఛ లేదు. కనుక ఇద్దరి నడుమ మాటలన్నీ హతాకు అనే అంతఃపుర సేవకుడి ద్వారానే సాగుతాయి. ఎస్తేరు మొదట చేసిన పని మంచి బట్టలు పంపడం. అంటే ఆపద ఏమిటో ఆమెకింకా తెలియదు, తెలిసినంత మేరకు అన్న దుఃఖాన్ని కప్పిపుచ్చాలనుకుంది. విషయం తెలిశాక కూడా ఆమె వెంటనే లేచి బయలుదేరలేదు. పిలుపు రాకుండా రాజు లోపలి ఆవరణలో అడుగుపెట్టినవారికి, రాజు బంగారు దండం చాపితే తప్ప, మరణమే శిక్ష అని, తనకు 30 రోజులుగా పిలుపు లేదని ఆమె బదులు పంపుతుంది. తెలుగునాట పిలవని పేరంటానికి వెళితే పోయేది గౌరవం, షూషనులో పోయేది ప్రాణం. మొర్దెకై పంపిన ప్రత్యుత్తరం కఠినంగా ఉంటుంది. రాజగృహంలో ఉన్నావు గనుక నీవొక్కతెవే తప్పించుకుంటావని తలచకు, నీవు మౌనంగా ఉంటే విడుదల మరొక చోటి నుంచి వస్తుంది గాని నీవూ నీ తండ్రి ఇంటివారూ మిగలరు అన్న సారాంశం తరువాత అతడొక ప్రశ్న వేస్తాడు: ఆమె ఈ రాజ్యస్థానానికి చేరింది ఇలాంటి ఘడియ కోసమే కావచ్చునేమో, ఎవరికి తెలుసు?

ఆ ప్రశ్నలో ఉన్నది 'ఎవరికి తెలుసు' అనే సందేహమే గాని దైవాజ్ఞ కాదు, ప్రవక్తకు వినబడిన వాక్కు కాదు, గెలుపు ఖాయమన్న వాగ్దానం అంతకంటే కాదు. బలవంతంగా తనను తెచ్చి కూర్చోబెట్టిన స్థానానికి ఒక ప్రయోజనం ఉండవచ్చునన్న ఊహను మాత్రమే అది ఆమె ముందు పెడుతుంది. ఆ ఊహను నిజం చేయడమో మానడమో ఆమె చేతిలోనే ఉంది. ఎస్తేరు మూడు పగళ్లు, మూడు రాత్రులు తన కోసం ఉపవాసం ఉండమని షూషనులోని యూదులకు కబురు చేసి, తానూ తన దాసీలూ అలాగే ఉంటామని, ఆపైన చట్టానికి విరుద్ధమైనా రాజు దగ్గరకు వెళతానని, నశించవలసి వస్తే నశిస్తానని చెబుతుంది. అధ్యాయం చివరి వాక్యం ప్రకారం, మొర్దెకై వెళ్లి ఎస్తేరు ఆజ్ఞాపించినట్లే చేశాడు. అంతవరకు ఆజ్ఞలు అతనివి, పాటించడం ఆమెది. ఇక్కడ అది తలకిందులైంది. కథలోని మలుపు హామాను ఉరికంబం దగ్గర ఉందని చాలామంది అనుకుంటారు గాని, అది ఈ చిన్న వాక్యంలోనే జరిగిపోయింది.

తరువాతి సంఘటనలు వేగంగా నడుస్తాయి. రాజు దండం చాపుతాడు. ఎస్తేరు వెంటనే మొర పెట్టుకోకుండా ఒక విందుకు, ఆ విందులో మరొక విందుకు పిలుస్తుంది. నడుమ రాజుకు నిద్రపట్టని రాత్రి చదివించుకున్న రాజ్యవృత్తాంతంలో, తన ప్రాణాలు కాపాడిన మొర్దెకైకి ఏ బహుమానమూ ఇవ్వలేదని బయటపడుతుంది. రెండో విందులో ఎస్తేరు తన జాతిని వెల్లడించి హామానును పట్టిస్తుంది. మొర్దెకై కోసం హామాను నిలబెట్టించిన 50 మూరల కంబం మీద హామానే వేలాడతాడు. రాజముద్ర పడిన తాకీదును రద్దు చేసే వీలు లేనందువల్ల, యూదులు ఆత్మరక్షణ చేసుకోవచ్చునంటూ రెండో తాకీదు వెలువడుతుంది.

ఇది చరిత్రేనా అన్న ప్రశ్నకు పండితులు చాలావరకు జాగ్రత్తగా జవాబిస్తారు. అహష్వేరోషు అన్న పేరు క్రీ.పూ. 486 నుంచి 465 వరకు ఏలిన పారసీక చక్రవర్తి క్షయార్షకు, గ్రీకులు జెర్క్సెస్ అని పిలిచినవాడికి, హెబ్రూ రూపం. సూసాలో ఫ్రెంచి పురాతత్త్వవేత్తలు తవ్వి తీసిన రాజప్రాసాదాన్ని గ్రంథకర్త బాగా ఎరిగినట్లే కనిపిస్తాడు. చీట్లతో రోజులు నిర్ణయించే పద్ధతి కూడా కల్పన కాదు. 'పూరు' అన్న మాట చెక్కిన క్రీ.పూ. 9వ శతాబ్దపు అస్సీరియా మట్టి పాచిక ఒకటి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ సేకరణలో ఉంది. అయినా గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఆ చక్రవర్తి రాణి పేరు అమెస్త్రిస్ అని రాశాడు. ఎస్తేరు, మొర్దెకై, హామానుల ఉదంతాన్ని ధ్రువపరిచే పారసీక శాసనం దొరకలేదు. అందువల్ల క్రీ.పూ. 4వ లేదా 3వ శతాబ్దంలో, పరాయి రాజ్యంలో బతుకుతున్న యూదుల కోసం రూపుదిద్దుకున్న చారిత్రక కథగా దీన్ని పరిగణించేవారు ఎక్కువ. పండుగ మాత్రం క్రీస్తుకు పూర్వమే స్థిరపడింది. మక్కబీయుల రెండో గ్రంథం అదారు పద్నాలుగును మొర్దెకై దినమని పేర్కొంటుంది.

కథ నమ్మదగినదా అన్నదానికంటే ప్రాచీన పాఠకులను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం మరొకటుంది. 167 వచనాల ఈ హెబ్రూ గ్రంథంలో ఎక్కడా దేవుని పేరు లేదు. ఎస్తేరు ఉపవాసం చేస్తుంది గాని ప్రార్థించినట్లు చెప్పలేదు; విడుదల మరొక చోటి నుంచి వస్తుందంటారు గాని ఆ చోటేదో చెప్పరు. మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో దొరికిన ప్రతుల్లో హెబ్రూ బైబిలులోని దాదాపు అన్ని గ్రంథాల తునకలూ ఉండగా ఎస్తేరుది ఒక్క తునకైనా లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. గ్రీకులోకి అనువదించినవారు ఈ మౌనాన్ని భరించలేక, ఎస్తేరు ప్రార్థననూ మొర్దెకై ప్రార్థననూ కలిపి వందకు పైగా వచనాలను చేర్చారు. హెబ్రూ సంప్రదాయం మాత్రం మౌనాన్ని మౌనంగానే ఉంచి, దానికి అర్థం వెతికింది. 'చోటు' అన్న అర్థమిచ్చే 'మాకోమ్' అన్న మాటను రబ్బీలు, అంటే ధర్మశాస్త్ర గురువులు, దేవునికి పర్యాయపదంగా వాడేవారు. ఎస్తేరు పేరునేమో, ముఖం దాచుకుంటానని ద్వితీయోపదేశకాండంలో దేవుడు చెప్పినచోట ఉన్న హెబ్రూ క్రియకు ముడిపెట్టారు. దాగినవాడి గురించి దాగిన స్త్రీ కథ అన్న ఈ వ్యాఖ్యానం, తరువాతి శతాబ్దాల్లో నిజంగానే దాగి బతకవలసి వచ్చినవారికి ఎంత దగ్గరిదయిందో ముందు ముందు తెలుస్తుంది.

పఠన నియమాలు క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలనమైన మిష్నా అనే ధర్మసంహితలో ఒక ప్రత్యేక భాగంగా చేరాయి, ఆ భాగం పేరే మెగిల్లా. దానిపై బాబిలోనియాలో పెరిగిన వ్యాఖ్యాన సముచ్చయం తల్మూదులో రెండు సంగతులు ముఖ్యమైనవి. మొదటిది, తన కథను తరతరాల కోసం రాసి ఉంచమని ఎస్తేరు స్వయంగా పెద్దలకు కబురు పంపిందని, పరజాతుల్లో వైరం రేగుతుందని వారు సందేహిస్తే, ఇది మాదీయ పారసీక రాజుల వృత్తాంతాల్లో ఇప్పటికే రాసి ఉందని ఆమె బదులిచ్చిందని చెప్పే ఐతిహ్యం. రాజు ముందు నిలిచిన స్త్రీ పండితుల ముందు కూడా వెనక్కి తగ్గలేదన్నది దాని భావం. రెండోది శాసనం వంటిది. నిర్ణీత కాలానికి కట్టుబడిన అనేక విధుల నుంచి స్త్రీలకు మినహాయింపు ఇచ్చిన సంప్రదాయంలోనే, ఆ అద్భుతంలో స్త్రీలూ ఉన్నారు గనుక మెగిల్లా పఠనం వారికీ విధి అని 3వ శతాబ్దపు గురువు యెహోషువ బెన్ లేవి తేల్చాడు. కథను వినడం మగవారి పని, వంట చేయడం ఆడవారి పని అన్న విభజన ఈ ఒక్క రాత్రికి చెల్లదు.

ఆ చుట్టను దగ్గరగా చూడడం అవసరం. శుద్ధి చేసిన తోలు మీద, ఈక కలంతో, నల్ల సిరాతో, అచ్చు లేకుండా చేత్తో రాయాలి. అచ్చుపుస్తకంలోంచి చదివితే విధి తీరదు. చదివేవాడు దాన్ని యూదుల ధర్మశాస్త్రమైన తోరా చుట్టలా రెండు కొయ్యల మధ్య తిప్పడు, ఉత్తరం మాదిరి మడతలుగా విప్పి ఎదుట పరుస్తాడు, ఎందుకంటే గ్రంథంలోనే దానికి లేఖ అన్న పేరుంది. హామాను పదిమంది కొడుకుల పేర్లు ఒకదాని కింద ఒకటిగా, ఇటుకల వరుసలా రాసి ఉంటాయి. వాటిని ఒకే ఊపిరిలో చదవాలి. చెర గురించిన వచనాలు వచ్చినప్పుడు పాఠకుడి రాగం యెరూషలేము విధ్వంసంపై పాడే విలాపగీతాల బాణీలోకి జారుతుంది. కొందరు లేఖకులు దాదాపు ప్రతి నిలువు వరుసా 'రాజు' అన్న మాటతో మొదలయ్యేలా అమర్చి రాస్తారు. పేరు చెప్పని రాజుకు అది వారి నమస్కారం. ఇలాంటి చుట్టల్లో 1564లో వెనిస్‌లో తయారైన ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది, ఎందుకంటే దాని మీద సంతకం చేసినది మెనహేము కుమార్తె స్తెల్లీనా అనే స్త్రీ. చిత్రాలంకరణ గల, తేదీ తెలిసిన ఎస్తేరు చుట్టల్లో అత్యంత పాతది అదే. లేఖకులంటే పురుషులే అయిన కాలంలో, తన కథను రాయమని అడిగిన రాణి గ్రంథం ఒక స్త్రీ చేతి గుర్తుతో మిగిలి ఉండడం సంతోషించవలసిన విషయం.

హామాను పేరు వినబడినప్పుడల్లా గోల చేయడం ఈ పండుగలో పిల్లల వాటా. మధ్యయుగపు ఫ్రాన్సులో పిల్లలు నున్నటి రాళ్ల మీద ఆ పేరు రాసి రెండింటినీ ఠపఠపా కొట్టేవారు. తరువాత గిరగిర తిప్పే కొయ్య గిలకలు వచ్చాయి. ఇరుగుపొరుగుకు వండిన పదార్థాలు పంపుకోవడం, కనీసం ఇద్దరు పేదలకు దానం చేయడం, విందు చేసుకోవడం గ్రంథంలోంచే వచ్చిన విధులు. పూర్వం హామాను బొమ్మను దహనం చేసేవారు కూడా. అది క్రైస్తవుల శిలువను అవమానించడమేనన్న ఫిర్యాదు మీద 408లో రోమన్ చక్రవర్తులు హొనోరియస్, రెండో థియొడోసియస్ నిషేధం విధించారు.

గ్రంథంలో మింగుడుపడని భాగం ఒకటుంది, దాన్ని దాటవేసి ఈ చరిత్ర రాయడం న్యాయం కాదు. తొమ్మిదో అధ్యాయం ప్రకారం యూదులు తమ పగవారిలో 75,000 మందిని చంపారు, కొల్లసొమ్ము మాత్రం ముట్టలేదు. సొంత సైన్యం లేని ప్రజలు చెప్పుకున్న కథగా దాన్ని శతాబ్దాల పాటు చదివారు. కానీ ఆయుధం చేతికొచ్చిన వాడు చదివినప్పుడు అదే అధ్యాయం మరోలా వినిపించగలదు. 1994 ఫిబ్రవరి 25న, పూరీము నాడే, హెబ్రోనులో ఒక యూదు తీవ్రవాది మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. ఎస్తేరు ధైర్యం నిరాయుధంగా గడప దాటడంలో ఉందే గాని ఆ లెక్కలో లేదన్నది ఈ వ్యాసపు నిశ్చితాభిప్రాయం.

కథను కళ్లకు కట్టే తొలి సాక్ష్యాల్లో ఒకటి నేటి సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున ఉన్న దురా యూరోపోసు మందిరంలో బయటపడింది. 244, 245 ప్రాంతంలో గోడల నిండా చిత్రాలు వేయించుకున్న ఆ చిన్న మందిరంలో, తోరా ఉంచే గూటికి సమీపంలోనే, తెల్ల గుర్రం మీద మొర్దెకై, సింహాసనం మీద రాజు, ఆ పక్కన కిరీటంతో ఎస్తేరు కనిపిస్తారు. రోమన్లకూ పారసీకులకూ మధ్య నలిగిన ఆ సరిహద్దు పట్టణం కొద్ది ఏళ్లకే, 256లో, నేలమట్టమైంది. ముట్టడికి ముందు కోటను బలపరచడానికి మందిరాన్ని మట్టితో పూడ్చడం వల్లనే చిత్రాలు బతికాయి.

అయితే ఎస్తేరు కథ నిప్పు మీద పరీక్షకు నిలిచింది ఐబీరియా ద్వీపకల్పంలో. 1391 మారణకాండ తరువాత స్పెయిన్‌లోనూ, 1497లో పోర్చుగల్‌లోనూ వేలాది మంది యూదులు బలవంతంగా బాప్తిస్మం పొందారు. 1492లో మతం మారని యూదులను స్పెయిన్ వెళ్లగొట్టింది. పైకి క్రైస్తవులుగా ఉంటూ లోపల పాత విశ్వాసాన్ని దాచుకున్న ఈ కుటుంబాలను వెతికి శిక్షించడానికి మతవిచారణ సభలు వెలిశాయి. ఇలాంటి ఇళ్లలో పూరీము జరుపుకోవడం అసాధ్యం. మెగిల్లా చదివితే వినబడుతుంది, గిలక తిప్పితే వీధికి తెలుస్తుంది, హెబ్రూ చుట్ట ఇంట్లో దొరికితే ప్రాణాలే పోతాయి. కనుక వారు పండుగను వదిలి, దాని ముందు రోజు వచ్చే ఉపవాసాన్ని ఉంచుకున్నారు. యూదు ధర్మంలో 'ఎస్తేరు ఉపవాసం' తేలికపాటిది, ఒక పగటి పూటది, 8వ శతాబ్దం నాటి గ్రంథాల్లో గాని ప్రస్తావనకు రానిది. కానీ ఈ రహస్య యూదుల్లో అది సంవత్సరంలోని ముఖ్య వ్రతాల్లో ఒకటిగా పెరిగింది, కొందరు రాణి చేసినట్లే మూడు రోజులు పాటించేవారు. తినడం నలుగురికీ కనిపించే పని, తినకపోవడం గుమ్మం దాటని పని. పైగా అది వంటింటిని చూసుకునే స్త్రీల చేతిలో ఉన్న ఆచారం కాబట్టి, గురువులూ గ్రంథాలూ లేని చోట తల్లి నుంచి కూతురికి అందింది. కథలోని ఎస్తేరు కూడా తన జాతిని దాచుకుని పరాయి ఇంట్లో కాపురం చేసినదే. వారిలో కొందరు ఆమెను పునీత ఎస్తేరు అని, క్రైస్తవుల పునీతుల వరుసలో పెట్టి తలచుకున్నారు. కతోలికుల లాటిన్ బైబిలులో గ్రీకు చేర్పులు కూడా ఉండడం వల్ల, తల మీది కిరీటం తనకు అసహ్యమని ఎస్తేరు దేవునితో మొరపెట్టుకునే ప్రార్థన వారికి అందుబాటులో ఉంది. హింసించేవారి పుస్తకంలోనే తమ గుండె చప్పుడు విన్నారు.

విచారణ సభలకు ఇది తెలియకపోలేదు. ఇరుగుపొరుగు ఏయే గుర్తులు కనిపెట్టి ఫిర్యాదు చేయాలో చెబుతూ చర్చిల్లో చదివించిన శాసనాల్లో శనివారం శుభ్రమైన బట్టలు కట్టుకోవడం, పంది మాంసం తినకపోవడం వంటి వాటితో పాటు ఎస్తేరు రాణి ఉపవాసాన్ని కూడా పేర్కొన్నారు. అట్లాంటిక్ దాటి మెక్సికో చేరినా ఈ నీడ వదలలేదు. అక్కడ రహస్యంగా యూదు ధర్మాన్ని పాటించిన లూయిస్ దె కార్వహాల్‌ను 1596 డిసెంబరులో తల్లితో, అక్కచెల్లెళ్లతో పాటు మరణశిక్షకు అప్పగించారు. తప్పించుకుని బయటపడినవారు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఎస్తేరును గొంతెత్తి తలచుకోవడం. పోర్చుగల్ నుంచి వెళ్లిన జువావ్ పింటో డెల్గాడో 1627లో ఫ్రాన్సులోని రువాన్‌లో ఎస్తేరు రాణిపై స్పానిషు కావ్యం అచ్చువేశాడు. తరువాత అతడు ఆమ్‌స్టర్‌డామ్ చేరి బాహాటంగా యూదుడయ్యాడు. దాగినవారికి ఉపవాసం, విడుదలైనవారికి కావ్యం దక్కాయి.

మరికొన్ని చోట్ల సమాజాలు తమ సొంత ఊరినే షూషనుగా చూసుకున్నాయి. పెద్ద గండం నుంచి గట్టెక్కిన పట్టణం ఆ రోజును ఏటేటా తమ ప్రత్యేక పూరీముగా జరుపుకోవడం, దానికొక చిన్న చుట్ట రాసుకోవడం ఆచారమైంది. ఇలాంటి స్థానిక పూరీములు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒట్టోమాను సుల్తాను సులేమాను మీద తిరుగుబాటు చేసిన ఈజిప్టు పాలకుడు అహ్మద్ పాషా కైరో యూదుల నుంచి భారీ సొమ్ము డిమాండు చేసి, ఇవ్వకుంటే చంపుతానని బెదిరించి, 1524లో గడువు తీరకముందే తన మనుషుల చేతిలోనే కూలిపోయాడు. అదారు 28 అక్కడి యూదులకు ఈజిప్టు పూరీము అయింది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో విన్‌సెంట్స్ ఫెట్‌మిల్ఖ్ నాయకత్వంలో అల్లరిమూక 1614 ఆగస్టులో యూదుల వీధి మీద పడి దోచి వారిని ఊరి నుంచి వెళ్లగొట్టగా, చక్రవర్తి మత్తియాస్ జోక్యంతో 1616లో ఫెట్‌మిల్ఖ్‌కు మరణశిక్ష పడింది, అదే రోజున యూదులను ఊరేగింపుగా తిరిగి తీసుకొచ్చారు. ఆ అదారు 20 'విన్స్ పూరీము'గా నిలిచింది, దాని మీద పుట్టిన పాటను తరతరాలు పాడుకున్నారు. 1942 నవంబరులో మిత్రసేనలు ఉత్తర ఆఫ్రికాలో దిగిన తరువాత మొరాకోలోని కాసాబ్లాంకాలో ఒక ఉపాధ్యాయుడు హిట్లరును హామాను స్థానంలో పెట్టి అదే ఫక్కీలో చుట్ట రాశాడు.

విడుదల రాని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని మరవకూడదు. 1942 పూరీము కాలంలో పోలండులోని జ్దున్‌స్కా వోలాలో నాజీలు హామాను పదిమంది కొడుకులకు ప్రతీకారమన్నట్లు పదిమంది యూదులను ఉరితీశారు. ఏ మొర్దెకై తాకీదూ అక్కడికి చేరలేదు. యుద్ధం ముగిశాక 1946 మార్చిలో, హిట్లరు తన పుస్తకం రాసిన జైలున్న లాండ్స్‌బెర్గ్ పట్టణంలోనే, శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు వేషాలు కట్టి వీధుల్లో పూరీము ఊరేగింపు జరుపుకున్నారు.

ఈ గ్రంథానికి భారతదేశంతో ఉన్న సంబంధం మొదటి వచనంలోనే ఉంది. తెలుగు బైబిలు హిందూదేశమని చెప్పినచోట హెబ్రూలో 'హోదు' అని ఉంది. పాత పారసీకంలో సింధు ప్రాంతాన్ని సూచించే 'హిందుష్' నుంచి వచ్చిన ఈ మాట హెబ్రూ బైబిలు మొత్తంలో ఎస్తేరు గ్రంథంలో తప్ప మరెక్కడా లేదు. కొంకణ తీరంలో శతాబ్దాలుగా నూనె గానుగల వృత్తితో బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులు, అదే రుతువులో వచ్చే హోళీతో కలిపి, ఈ పండుగను మరాఠీలో 'హోళీచా సణ్' అని పిలుచుకున్నారు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎస్తేరు, ఎస్తేరమ్మ, ఎస్తేరు రాణి పేర్లు ఇప్పటికీ ఇంటింటా వినిపించేవే.

ఆ రాణి పేరును ఒక పనికి పెట్టిన సందర్భం 1912 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో వచ్చింది. పండితురాలూ సంపాదకురాలూ అయిన హెన్రియెట్టా జోల్డ్ అంతకు మూడేళ్ల క్రితం తల్లితో కలిసి పాలస్తీనా వెళ్లి, ట్రకోమా అనే కంటి జబ్బుతో చూపు పోగొట్టుకుంటున్న పిల్లలను, వాళ్ల కళ్ల మీద ముసిరిన ఈగలను చూసి వచ్చింది. ఇక్కడ ఏదైనా ఆచరణాత్మకమైన పని చేయవలసింది నీ బృందంలోని స్త్రీలే అని తల్లి ఆమెకు గుర్తుచేసిందని చెబుతారు. పూరీము సమీపించిన రోజుల్లో ఒక ప్రార్థనామందిరంలో సమావేశమైన కొన్ని పదుల మంది స్త్రీలు సంఘం పెట్టుకున్నారు. పండుగ కాలం గనుక ఎస్తేరు అసలు పేరైన హదస్సానే దానికి పేరుగా నిలిచింది. దాచి ఉంచమన్న గుర్తింపును చెప్పే పేరు అది. మరుసటి ఏడాదే రోజ్ కాప్లాన్, రేచెల్ లాండీ అనే ఇద్దరు నర్సులను ఆ సంఘం యెరూషలేము పంపింది. ఊరికి కొత్త, చేతిలో డబ్బు తక్కువ, పిలిచి నియమించిన ప్రభుత్వమంటూ లేదు. వారు ఒక అద్దె ఇంట్లో సేవాకేంద్రం తెరిచి, పురుడు పోసుకునే తల్లుల దగ్గరికి, కళ్లు పుసులు కట్టిన బడిపిల్లల దగ్గరికి తామే నడిచి వెళ్లడం మొదలుపెట్టారు.